కడుపు కళ

ఇక్కడ గల్ఫ్‌లో మాకు అసర్ నమాజు బాంగు వినిపించే వేళకు ఊళ్లో పొద్దుగూకుతుంది. మా ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపులో శుక్రవారం ఆ వేళ ఫోన్లది. నా పక్క మంచం మేస్త్రీ తన ఫోను నా ముఖానికి అడ్డం పెట్టాడు. తెర మీద అతని భార్య, ఏడో నెల.

"చూడు కాకా, కడుపు కళ ఎట్లొచ్చిందో!"

చెంపల మీద రెండు ఎర్రటి మచ్చలు. నవ్వబోయి దగ్గింది. ఆ ఎరుపు నాకు తెలుసు.

నేను సెలవుకు పోయినప్పుడు నా భార్య చెంపలు చూసి ఊరంతా ఇదే మాట అన్నది. ఫోన్లు లేని కాలం, మళ్లీ డ్యూటీకి వచ్చాక ఆమె గొంతు క్యాసెట్టులో వచ్చింది. మాటమాటకీ దగ్గు. "ఇది నా దగ్గు కాదు, కడుపుల ఉన్నోళ్లది" అని నవ్వింది. కాన్పయింది, కొడుకు దక్కాడు, ఆమె దక్కలేదు.

అయిదో తరగతితో బడి మానినవాణ్ని. ఆ జబ్బు గురించి దొరికిందల్లా చదివాను. మూడు వందల ఏళ్ల కిందటి ఐరోపా వైద్యులకు ఊపిరి వినే గొట్టం కూడా లేదు. మాపటి జ్వరంతో ఎక్కే చెంప ఎరుపు, రాత్రి చెమట, కఫం రంగు చూసి క్షయ అని పోల్చేవారు. కడుపు నిలిస్తే రోగమూ ముదరక నిలిచిపోతుందని చాలామంది నమ్మేవారు. గర్భిణికి నెత్తురు తీసేవారు, గాడిద పాలు తాగించేవారు. కాన్పు కాగానే రోగం విరుచుకుపడేది. వాళ్లకంటే గతి లేదు! గోళీలు వచ్చిన కాలంలో నా మనిషికి మా అత్త గాడిద పాలెందుకు పోసినట్టు?

"తెమడ పరీక్ష చేయించు" అన్నాను.

"కాన్పయినంక చూద్దామంటుంది కాకా, అమ్మ."

"మీ అమ్మకియ్యమను ఫోను."

ఆమె తెర మీదికి రాగానే ఎత్తిపొడిచింది. "దుబాయ్‌ల కూసోని డాక్టరువైనవా అన్నా? అది కడుపు కళ!"

"కళైతే పొద్దుగాల గూడ ఉండాలె గదా చెల్లే? మాపటికే ఎందుకొస్తుంది?"

వెనక నుంచి కోడలే అన్నది: "పొద్దుగాల పాలిపోయి ఉంటున్న అత్తా. రాత్రి రైక తడిసిపోతుంది."

మర్నాడే తీసుకుపోయారు. టీబీయే. కడుపులో బిడ్డకు భయం లేదని చెప్పి గోళీలు మొదలుపెట్టారట.

గోళీలు మొదలై నెల దాటాక, మొన్న శుక్రవారం ఆ పిల్ల నా ఫోనుకే మాట రికార్డు చేసి పంపింది: "మామా, నా కళంత నువ్వే పోగొట్టినవ్!" చివరిదాకా విన్నాను. ఎక్కడా దగ్గు లేదు.

నా పెట్టెలో ఆ క్యాసెట్టు ఉంది. ఆ దగ్గుతో సహా ఒక్కసారి వినాలని ఉంది. క్యాంపంతా అడిగాను. ఆడించే మిషను ఎవరి దగ్గరా లేదు.