గంజికి పిలిచిన ట్రయాంగిల్

నిన్న మా కాలేజీ హాల్లో ఎవరో ట్రయాంగిల్ మోగించారు. నాకు గంజి వాసన వచ్చింది. కోడుమూరు బడి స్నేహితురాళ్ళారా, ఆ కరువు ఏడాది గుర్తుందా? ప్రార్థనపాటకు వాయించే ఆ మూడు మూలల కడ్డీతోనే ఊళ్ళోవాళ్ళను గంజికీ పిలిచేవాళ్ళు.

"ఇనుము ముట్టద్దు పాపా, దారం పట్టుకో. ఈ చిన్న చువ్వను అడుగు కడ్డీకి మెల్లగ తగిలించు," అని ఆ ఏడాదే ఒకనాడు బళ్ళో టీచరమ్మ నాకు నేర్పుతోంది. చివరికి కుదిరింది. ఖంగుమన్న మోత కిటికీ దాటిపోయింది.

మోత ఆగేలా ఆమె చప్పున కడ్డీని పిడికిట్లో బిగించింది. "ఎంత పని చేస్తివే! ఈ పొద్దు నూకలే రాలేదు, పొయ్యి గూడా ముట్టీలేదు."

"గంజి పోస్తాండారంట, రాండప్పా!" బయట ఎవరో అరిచారు.

గుడిసెల్లోంచి జనం గిన్నెలతో పరుగెత్తుకొస్తున్నారు. టీచరమ్మ తలుపు గడియ పెట్టింది. కాసేపటికి తలుపు మీద గిన్నెల మోత మొదలైంది. దాన్ని ఎలా ఆపాలో ఆమెకూ తెలియలేదు.