అవతలి వరుస

శుక్రవారం స్తోత్రం నాకు మొత్తం నోటికి వచ్చని ఎవరడిగినా ధీమాగా చెప్పేదాన్ని. అబద్ధం చెబుతున్నానని ఎప్పుడూ అనుకోలేదు. ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో మా అపార్ట్‌మెంట్లలో ఉండే తెలుగు ఆడవాళ్ళం కొందరం ప్రతి శుక్రవారం సాయంత్రం ఒకచోట చేరి ఏళ్ళ తరబడి చదువుతున్నదే అది. ఇంకా పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చదివేవాళ్ళంటే నాకు లోలోపల కాస్త చిన్నచూపు కూడా ఉండేది.

మేం చేరేది ఆంటీ ఇంట్లో. ఆంటీ మా కింది అంతస్తులో ఉంటుంది, విజయనగరం వైపు మనిషి. అంకుల్ సైన్యంలో చేసి రిటైరయ్యారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ కంటోన్మెంట్ క్వార్టర్లలో తిరిగి తిరిగి చివరికి ఇక్కడ స్థిరపడ్డారు. ఆ క్వార్టర్లలో ఆడవాళ్ళు రెండు వరుసలుగా ఎదురెదురుగా కూర్చుని, ఒక లైను ఈ వరుస చదివితే తర్వాతి లైను ఆ వరుస అందుకునేవారట. ఊపిరి మిగులుతుంది, ఎవరూ కునుకు తీయరు. ఆంటీ అదే పద్ధతి మాకూ అలవాటు చేసింది. కిటికీ వైపు ఒక వరుస, సోఫా వైపు ఒక వరుస. కిటికీ వైపు నేను మొదలుపెడతాను, సోఫా వైపు ఆంటీ అందుకుంటుంది. ఎవరైనా తప్పు చదివితే తన తొడ మీద చరిచి కళ్ళెర్రజేసేది. ఆ చూపు ఎక్కువగా నా మీదే పడేది. "ఏటమ్మా, అచ్చరాలు మింగేస్తన్నావు, టిఫిన్ తినలేదేటి?" అనేది అందరి ముందే. నాకు ఒళ్ళు మండేది, తర్వాతి శుక్రవారం మళ్ళీ వెళ్ళి అక్కడే కూర్చునేదాన్ని.

పోయిన చలికాలంలో ఆంటీకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి చచ్చుబడింది, మాట పడిపోయింది, మా శుక్రవారాలూ ఆగిపోయాయి. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక చూడ్డానికి వెళితే ఆవిడ నోటి నుంచి వచ్చింది ఒకటే మాట, "ఠీక్ హై." నొప్పిగా ఉందా అంటే ఠీక్ హై. మంచినీళ్ళు కావాలా అంటే ఠీక్ హై. ఇన్నేళ్ళు కూరల బండి దగ్గరా, గేటు దగ్గరా రోజూ సరే, బాగానే ఉంది అనడానికి వాడిన ఆ హిందీ మాటొక్కటీ మిగిలింది. నిజానికి ఏదైనా ఠీక్‌గా ఉందని ఒప్పుకునే మనిషి కాదు ఆవిడ. అంకుల్ ఆ మాట నమ్మి, అక్కర్లేదు కాబోలని నీళ్ళ గ్లాసు పక్కన పెట్టేస్తే ఆవిడ కళ్ళు నిప్పులు కక్కేవి. మనం అనేదంతా అర్థమవుతోంది, అనదలుచుకున్నదంతా లోపల ఉంది, బయటికి వచ్చే దారే మూసుకుపోయింది. నాకు ముందు ఏడుపొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం.

ఆవిడకి మాట నేర్పడానికి ఒక థెరపిస్టు అమ్మాయి ఇంటికొచ్చేది. ఢిల్లీ పిల్ల, తెలుగు ముక్క రాదు. అప్పటికప్పుడు ఆలోచించి కూర్చుకునే మాటలు ఒక దారిన వస్తాయనీ, వందలసార్లు అని అని నోటికి పట్టేసినవి వేరే దారిన వస్తాయనీ ఆ అమ్మాయి చెప్పింది. మొదటి దారి దెబ్బతిన్నా రెండోది కొంత మిగలొచ్చట. అంకెలు, వారాల పేర్లు, ప్రార్థనలు, తిట్లు. ఈ మొదటి నెలల్లో ఎంత రాబట్టుకుంటే అంత మంచిదంది. "దీదీ, ఆంటీకి బాగా కంఠస్థం వచ్చింది ఏదైనా ఉందా?" అని హిందీలో అడిగింది. ఉంది, నేను చదివిస్తాను అన్నాను. కాస్త గొప్పగానే అన్నాను.

మర్నాడు మంచం పక్కన కూర్చుని నా మొదటి లైను చదివి ఆగాను. ఆంటీ నా మొహంలోకి చూసింది. పెదవులు కదిలాయి గానీ ఏమీ రాలేదు. సాయం చేద్దామని రెండో లైను ఎత్తుకోబోయాను. నాకూ రాలేదు. మూడోది వచ్చింది. నాలుగోది లేదు. అయిదోది గడగడా వచ్చింది, దాని తర్వాత మళ్ళీ గోడ. నాకు వచ్చింది సగం స్తోత్రం, అదీ ఒకటి విడిచి ఒకటి.

అవతలి వరుస చదివేది ఇన్నేళ్ళూ నా చెవిన పడుతూనే ఉంది. ఎవరైనా చదివితే ఇదేనని ఠక్కున చెప్పగలను, తప్పు చదివితే పట్టుకోగలను. నువ్వు చదువు అంటే మాత్రం లేదు. గుర్తుపట్టడం వేరు, గుర్తు తెచ్చుకోవడం వేరు అని ఆ మంచం పక్కన తెలిసింది. వాళ్ళు చదివేటప్పుడు నేను చేసిన పని ఊపిరి పీల్చుకోవడం. అందుకే నా జ్ఞాపకంలో ఆ చోట్లలో ఉన్నది గాలే. సగం సరుకు పక్కవాళ్ళ ఇళ్ళలో పెట్టి, అంతా మా ఇంట్లోనే ఉందని చెప్పుకు తిరిగానన్నమాట.

"ఠీక్ హై," అంది ఆంటీ. మామూలు రోజుల్లో అయితే ఆ చోట ఆవిడ ఏమనేదో నాకు బాగా తెలుసు.

పంతం పట్టాను. ఆ సగం నేర్చుకుని తీరాలనుకున్నాను. నోయిడా ఆఫీసుకి వెళ్ళే మెట్రోలో పుస్తకం తీసి చదివాను. చూస్తున్నంతసేపూ అంతా వచ్చినట్టే ఉండేది, మూయగానే పోయేది. పైగా పాత అలవాటు అడ్డం పడేది. మొదటి లైను అవగానే నాలుక మూడోదాని కోసం సిద్ధంగా కూర్చునేది. మధ్యలో ఇంకోదాన్ని ఇరికించబోతే రెండూ కలిసి చెడేవి. ఒకే రకంగా మొదలయ్యే లైన్లు రెండుంటే, రెండోదాని దగ్గర దారి తప్పి మళ్ళీ మొదటిదాని వెనకాల తేలేదాన్ని.

చివరికి మా అమ్మాయి పూనుకుంది. దానికి తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు, జవాబు హిందీలోనే. ఫోన్లో స్తోత్రం పెట్టి, ఒక లైను కాగానే ఆపేసి, తర్వాతిదేంటని, "మమ్మీ, ఆగే?" అనేది.

"ఆగవే, వస్తది. నాలిక మీదనే ఉన్నది."

"ఆధా మినిట్ హో గయా, మమ్మీ."

అర నిమిషం అయిపోయిందట, కన్నతల్లినన్న జాలి లేదు. కానీ అలా ఆపి ఆపి అడిగితేనే ఒక్కొక్క లైనూ నాలో దిగింది. రాక పెనుగులాడిన లైను, ఆ పెనుగులాట తర్వాత, ఇక పోలేదు. ఒకటి రెండు రోజులు వదిలేసి మళ్ళీ అడిగించుకునేదాన్ని. మొత్తానికి అవతలి వరుస కూడా నాదైంది.

ఆ ఆదివారం ఆంటీ పక్కన కూర్చుని మొదటి నుంచి చివరి దాకా ఎక్కడా ఆగకుండా చదివేశాను. అంకుల్ చేతులు జోడించి విన్నారు. ఆంటీ కాసేపు విని, మొహం గోడ వైపు తిప్పేసుకుంది. నాకు చాలా బాధేసింది. ఇంత కష్టపడి నేర్చుకొచ్చింది ఎవరికోసమని లిఫ్టులో నాలో నేనే గొణుక్కున్నాను.

మర్నాడు ఇంట్లో పని చేసుకుంటూ, ఊరికే వింటానే, ఆపకు అని మా అమ్మాయికి చెప్పాను. ఫోను సాగిపోతోంది, నేను గిన్నెలు సర్దుతున్నాను. నా నోటికి ఒక్క ముక్కా రావడంలేదు. మా అమ్మాయి వేలు తగిలి ఫోను ఆగింది. తర్వాతి లైను నాలోంచి దానంతటది వచ్చేసింది. గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆంటీకి కావలసింది చదివేవాళ్ళు కాదు, ఆగేవాళ్ళు. నేను రెండు వరుసల్లోనూ నేనే కూర్చుని ఆవిడకి చోటు లేకుండా చేశాను.

ఆ సాయంత్రం అంకుల్, నేనూ కలిసి ఆంటీని సోఫాలో ఆవిడ చోట కూర్చోబెట్టాం. నేను కిటికీ పక్కన నా చోట కూర్చున్నాను. నా లైను చదివి నోరు మూసుకున్నాను. నేర్చుకోవడానికి పడ్డ పాట్లు ఒక ఎత్తు, నేర్చుకున్నది మింగి కూర్చోవడం ఒక ఎత్తు. వంటింట్లో కుక్కరు కూత వేసింది. అంకుల్ ఉండబట్టలేక, "సెప్పీమ్మా, పాపం," అన్నారు.

"వద్దంకుల్, ఉండుర్రి. ఆంటీ లైను అది."

ఆ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు. ఆఫీసు నుంచి తిన్నగా అక్కడికే వెళ్ళేదాన్ని. ఒకరోజు లైను చివర్లో ఏదో మూలిగినట్టు వినిపించింది. అప్పట్నుంచి మొదటి అక్షరం ఒక్కటి అందించి ఆగేదాన్ని. కొన్నాళ్ళకి తోక వచ్చింది, తర్వాత నడుము వచ్చింది, ఒక సాయంత్రం లైను మొత్తం వచ్చేసింది. ముద్దముద్దగా, కానీ రాగం తప్పకుండా. అంకుల్ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఆంటీ మాత్రం, తర్వాతి లైను చదవవేం అన్నట్టు నా వైపు చూసింది.

థెరపిస్టు సంతోషించింది గానీ, చదవడం మాట్లాడటం కాదు దీదీ అని హెచ్చరించింది. నిజమే. స్తోత్రం అయ్యాక నీళ్ళు కావాలా అంటే మళ్ళీ "ఠీక్ హై" అనే. ఆవిడ సొంతమాట ఒక్కటి, ఎవరూ కట్టి ఇవ్వనిది ఒక్కటి వినేదాకా ఈ కిటికీ పక్క నుంచి లేవకూడదనుకున్నాను.

ఎండలు ముదిరాక ఒక శుక్రవారం, ఆఫీసులో అలిసిపోయి వచ్చి కూర్చున్నాను. మనసు చదువు మీద లేదు. నా లైను అయింది. నోరు ఆగకుండా తర్వాతి లైనులోకి జారిపోయింది.

తొడ మీద ఎడమచేత్తో చరిచిన చప్పుడు. తలెత్తితే ఆంటీ కళ్ళెర్రజేసి చూస్తోంది. దవడ అటూ ఇటూ కదులుతోంది.

"అది... నాది," అంది.

అంకుల్ చేతిలో పేపరు కింద పెట్టేశారు. నేను నోరు మూసుకుని ఊపిరి పీల్చుకున్నాను. ఆవిడ తన లైను అందుకుంది.