పాటల్లేని ఆటో

కాకినాడ నుంచి కర్దనూర్‌లో చుట్టాల గృహప్రవేశానికి వచ్చి, తిరిగి వెళ్తూ పటాన్‌చెరు షేర్ ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డాను. పొద్దుటి నుంచి విన్న మైకు హోరుకి తల పగిలిపోతోంది. పక్కన ఫ్యాక్టరీ షిఫ్టు దిగిన ఆడవాళ్ళు నలుగురున్నారు. పాటలతో అదిరిపోతూ ఒక ఆటో వచ్చి ఆగింది. చోటున్నా వాళ్ళెవరూ కదల్లేదు. నేను ఎక్కబోతే ఒకావిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆగక్కా, ఎనక మన ఆటో వస్తది."

ఆ డ్రైవరు మంచివాడు కాదేమో అనుకున్నాను. కాసేపటికి వాళ్ళ ఆటో వచ్చింది. అందులో స్పీకర్లు ఉండాల్సిన చోట ఉత్త కన్నాలున్నాయి.

"పాటలుండవా?" అని అడిగాను.

"మేం అడిగితే అన్ననే పీకేసిండు. పొద్దంత మిషిన్ల మోతనే గదక్కా. ఇంటికి వొయ్యేటప్పుడన్న చెవులకు జెర సుకూన్ ఉండొద్దా?" అందామె.

మా ఇంట్లో నేను టీవీ కట్టేస్తే అందరూ నన్ను వింతగా చూస్తారు. ఇక్కడ నాలాంటివాళ్ళకి ఏకంగా ఒక ఆటోనే ఉంది!

కుంట పక్కన రోడ్డు పల్లంలోకి దిగేచోట డ్రైవరు ఇంజన్ ఆపేశాడు. రోజూ అంతేనట. వాన వెలిసిన పొలాల్లోంచి కప్పల బెకబెకలు, దూరంగా ఒక నెమలి కేక వినిపించాయి. నా తలనొప్పి ఎప్పుడు తగ్గిందో నాకే తెలియలేదు. ఆటో మెల్లగా జారుతూ పోయి ఆగింది.

డ్రైవరు వెనక్కి తిరిగి, "ఇగ స్టార్ట్ జెయ్యాల్నా?" అని అడిగాడు.

"జెర ఆగన్నా!"

ఆ మాట అన్నది నేనే.