మామ రాయించిన ఒక్క వాక్యం

మా మేనమామ పోయాడని కొత్తకోట నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను ఏడో తరగతికి సోషల్ పాఠం చెబుతున్నాను. చేసింది ఆయన ఇంటి ఓనరు. "టీచరమ్మా, సారు పొద్దుగాల లేవలే" అని అక్కడితో ఆగిపోయాడు. నేను మళ్లీ క్లాసులోకి వెళ్లి, మిగిలిన పాఠం చెప్పి బయటికొచ్చాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ తెలియదు. ఇంకాసేపు మామను బతికే ఉండనిద్దామనిపించిందేమో.

మీలో ఎవరూ ఆయన్ని ఎరగరు. కూలీ చేసుకు బతికే ఇంట్లో పుట్టి, హాస్టళ్లలో చదువుకుని, ఎక్కడెక్కడో ఉద్యోగాలు చేసి, చివరికి జోర్డాన్‌లో ఒక అంతర్జాతీయ సహాయ సంస్థలో చేరాడు. పాలస్తీనా శరణార్థుల కోసం దేశాలన్నీ కూర్చుని మాట్లాడుకునే సమావేశాలు ఉండేవి. ఒకవైపు శాంతి చర్చలు సాగుతుంటే, అవి తేలేదాకా క్యాంపుల్లో జనం ఎట్లా బతకాలన్నది ఆ సమావేశాల్లో తేలాలి. ఎవరేం అన్నారో వినడం, అందరూ ఒప్పుకోగల మాట వెతికి కాగితం మీద పెట్టడం మామ ఉద్యోగం. "గంత దూరం పోయి నువ్వు జేసేది రాతకోతలేనా?" అని మా అమ్మ వెక్కిరించేది. "అవునక్కా, రాసుడు తక్కువ, కోసుడు ఎక్కువ" అనేవాడు.

సెలవులకు వస్తూ ఓసారి డబ్బా నిండా ఆలివ్ కాయలు తెచ్చాడు. మా అమ్మ అల్లనేరేడు పండ్లనుకుని ఒకటి నోట్లో వేసుకుని, మరుక్షణం వాకిట్లోకి ఉరికింది. ఆ తర్వాత మామ ఏం తెచ్చినా ముందు ఆయన తిని చూపించాల్సిందే.

ఆయనకో అలవాటు ఉండేది. ఇంట్లో ఏ తగాదా వచ్చినా ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టేవాడు కాదు. విడివిడిగా ఒక్కొక్కరితో టీ తాగేవాడు. ఇటువాళ్ల మాట అటు మోసేటప్పుడు "వాళ్లు గిట్లన్నరు" అని ఎప్పుడూ అనేవాడు కాదు. "నాకు గిట్ల అనిపిస్తుంది, నువ్వేమంటవ్?" అనేవాడు. కాదంటే పోయేది ఆయన మాట, అవతలివాళ్ల పరువు కాదు. మా ఇంట్లో ఏళ్ల తరబడి మాటల్లేని ఇద్దరు అన్నదమ్ములు పెళ్లి పందిట్లో ఒకే బంతిన కూర్చున్నారంటే ఆ టీల పుణ్యమే. పెద్ద పెద్ద దేశాలతో కూడా ఇదే పనంట. హాల్లో ఉపన్యాసాలు, పని మాత్రం టీ టేబుల్ దగ్గర. "తాగీ తాగీ కడుపు ఖరాబైంది గానీ, ఒక మోరీకి పైసలొచ్చినయ్" అని నవ్వేవాడు.

ఒక మురికికాలువ మోరీకి ఇంత మంతనం ఏమిటని నేనోసారి అడిగాను. అప్పుడు మామ నవ్వలేదు. గాజాలో ఒక క్యాంపులో, రేకుల ఇంట్లో ఉండే ఒక ముసలాయన సంగతి చెప్పాడు. స్లాబు వేయిస్తామంటే ఆయన వద్దన్నాడట. స్లాబు పడితే ఇదే నా ఇల్లని ఒప్పుకున్నట్టు, ఇక నా ఊరికి నేను పోనన్నట్టే కదా అన్నాడట. జోర్డాన్ లాంటి ఆశ్రయమిచ్చిన దేశాలకు వీళ్లు ఎప్పటికీ తమ నెత్తినే ఉండిపోతారని భయం. పైసలిచ్చే దేశాలు ముందు శాంతి కుదరనీ అంటాయి. ఇట్లా ఒక్కొక్కరికి ఒక్కో కారణం. ఆ కారణాలన్నిటి మధ్యా మోరీ నీళ్లు గల్లీలోకి పారుతూనే ఉంటాయి, పిల్లలు జ్వరాల పాలవుతూనే ఉంటారు. అందుకని మామవాళ్లు ఒక వాక్యం తయారు చేశారు. ఈ సాయం తీసుకున్నంత మాత్రాన ఎవరి హక్కూ పోయినట్టు కాదు. అది ముందు పెట్టాకే బడికి, మోరీకి, దవాఖానకు అందరూ తలూపారు. "పెద్దమాట తెగేదాక చిన్నమాట ఆపొద్దు పిల్లా. చిన్నమాట ఒప్పుకుంటే పెద్దమాట ఇడిసిపెట్టినట్టు గాదు" అన్నాడు. ఆ ముసలాయన ఇంటి మీద స్లాబు పడింది. ఆయన్ని ఒప్పించింది మామే.

తెలంగాణ వచ్చాక, ఉద్యోగం అయిపోయి, మామ తిరిగొచ్చాడు. అత్తమ్మ అంతకుముందే పోయింది, పిల్లల్లేరు. పుట్టిన ఊళ్లో చిన్న ఇల్లు కట్టుకుందామని ఆశపడ్డాడు. పునాది తియ్యకముందే సర్వే వాళ్లొచ్చి ఊరి గోడల మీద నంబర్లు వేసిపోయారు. రిజర్వాయరు వస్తోంది, ఊరు ముంపులో పోతుంది. ప్రపంచంలోని శరణార్థుల కోసం తిరిగిన మనిషికి సొంతూరే లేకుండా పోతోంది. మామ కొత్తకోటలో కిరాయి ఇల్లు తీసుకున్నాడు. దేవుడికి వేళాకోళం బాగా వచ్చు అనుకున్నాను, కోపంగానే.

అధికారులు హైవే అవతల రేకుల షెడ్లు వేసి, బడి, నీళ్లు అక్కడే ఇస్తామన్నారు. భూమి ధర, ఇంటి జాగాలు తర్వాత మాట్లాడుకుందాం, ముందు కదలండి అన్నారు. ఊరు కదలనంది. మునిగే ఊరికి పైసలు రావని కాలిపోయిన బోరు మోటారును ఎవరూ బాగు చెయ్యలేదు. బడి మూతపడింది. పిల్లలు గొర్ల వెంట తిరుగుతున్నారు. జనం మామ దగ్గరికొచ్చారు. వాళ్లలో అందరికన్నా గట్టిది బాలమ్మవ్వ, మామకంటే నాలుగేళ్లు పెద్దది.

"షెడ్డుల అడుగువెడితే మన నోరు మనమే కుట్టుకున్నట్టు తమ్మీ. నీకు దెల్వదా?" అంది.

"తెలుసక్కా. పోండ్రి అని నేను చెప్ప. ఉండుండ్రి అని గూడ చెప్ప. పోయేముందు ఏం రాయించుకోవాల్నో చెప్త" అన్నాడు మామ.

తర్వాత ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగాడో, ఎన్ని టీలు తాగాడో. "అట్లా రాసే పద్ధతి మాకు లేదు సార్" అని ఒక అధికారి అంటే, "రాసి చూద్దాం, నచ్చకుంటే కొట్టేద్దాం" అన్నాడట. చివరికి గ్రామసభలో ఆ అధికారే చదివాడు. ఈ షెడ్లలో ఉన్నా, ఈ బడిలో పిల్లల్ని చదివించినా, ఈ నీళ్లు తాగినా, ఊరి మీద, భూమి మీద ఎవరి హక్కూ పోయినట్టు కాదు. బాలమ్మవ్వ లేచి నిలబడి "మల్లోపాలి చదువు" అంది. మళ్లీ చదివాడు. మామ ఆ రోజు వెనక వరుసలో, చెప్పుల దగ్గర కూర్చున్నాడు. ఊరు కదిలింది. ఆ నెలలోనే షెడ్లలో బడిగంట మోగింది. భూమి ధర, ఇంటి జాగాల పెద్దమాట మాత్రం ఇవాళ్టికీ తెగలేదు.

గాజాలో యుద్ధం మొదలయ్యాక మామ టీవీ ముందు నుంచి లేచేవాడు కాదు. అన్నం కంచం ఒళ్లో పెట్టుకుని అలాగే చూస్తుండేవాడు. ఒక రోజు తెర మీద కూలిన గోడ చూపించి, "గా బడి కోసం మూడు దేశాల కాళ్లు వట్టుకున్న" అన్నాడు. ఇంకో రోజు గల్లీ గుర్తుపట్టాడు. అది ముసలాయన ఉన్న గల్లీ. ముసలాయన ఎప్పుడో పోయి ఉంటాడు, ఆయన మనవలు ఉండి ఉంటారు. స్లాబు నేలమీద పరుచుకుని ఉంది.

గుండె జబ్బుతో మహబూబ్‌నగర్ దవాఖానలో చేర్చినప్పుడు నన్ను దగ్గరికి పిలిచాడు. "పెద్దమాట వస్తదని చెప్పి గా ముసలాయన్ని స్లాబు కింద కూసోవెట్టిన. అది రాలే. నేను వాళ్లను మోసం జేసిన్నా పిల్లా?" అన్నాడు. "లేదు మామా, ఆ బడుల్లో ఎంతమంది చదువుకోలేదు?" అన్నాను. ఆయన నా వైపు చూసి, దుప్పటి సరిచేసుకున్నాడు. నా జవాబు ఆయనకు సరిపోలేదు. నాకూ సరిపోలేదు. అంతకన్నా మంచి జవాబు ఉందో లేదో ఎవరైనా చెబితే వినాలని ఉంది.

దవాఖాన నుంచి ఇంటికొచ్చిన కొన్నాళ్లకే ఓనరు ఫోన్ వచ్చింది. మావాళ్లలో పూడుస్తారు. మామను పాత ఊరి శ్మశానానికే తీసుకుపోదామనుకున్నాం. కానీ ఈసారి వానలకు రిజర్వాయరు నీళ్లు దారి మీదికొచ్చి కల్వర్టు మునిగింది. షెడ్ల దగ్గర శ్మశానానికి జాగా ఇవ్వలేదు. చివరి షెడ్డు దాటాక కొంచెం ఖాళీ నేల ఉంటే అక్కడే తవ్వుదామన్నారు. అంతలో ఒకాయన అడ్డం వచ్చాడు. "ఈడ మట్టివెడితే ఇదే మన ఊరని ఒప్పుకున్నట్టు గాదా? రేపు ఆఫీసర్లు గా మాటే అంటరు."

పార పట్టుకున్నవాళ్లు ఆగిపోయారు. మామ రాయించిన వాక్యంలో షెడ్లున్నాయి, బడి ఉంది, నీళ్లున్నాయి. చావు లేదు. అంత జాగ్రత్త గల మనిషి, ఎవరైనా చనిపోయేలోపే పెద్దమాట వచ్చేస్తుందని నమ్మాడు. నాకు అప్పటిదాకా రాని ఏడుపు అక్కడ వచ్చింది.

బాలమ్మవ్వ పాడె పక్కన కూలబడి మామ ఎదమీద చెయ్యి వేసింది. నిద్రపోతున్నవాడికి చెప్పినట్టు మెల్లగా చెప్పింది. "తమ్మీ, నిన్ను ఈడ పెడుతున్నం. ఉండేటందుకే, ఒప్పుకున్నందుకు గాదు. ఊరి సంగతి తెగినంక మేమే వచ్చి తీస్కపోతం. జర ఓపిక పట్టు."

ఇక ఎవరూ అడ్డు చెప్పలేదు. తవ్వారు, దించారు. మట్టి వేసిన ప్రతి ఒక్కరూ వంగి, "ఉండేటందుకే" అని చెప్పి పక్కకు జరిగారు. నా వంతు వచ్చేసరికి మట్టి తడిసి అరచేతికి అంటుకుపోయింది. ఎంత విదిలించినా రాలలేదు. చివరికి రెండో చేత్తో గీకి వేస్తూ నేనూ అన్నాను, "ఉండేటందుకే మామా."