దమ్ పెట్టిన బండి

నా రిటైర్మెంటుకు ఏడాది ముందు, డిసెంబరు మొదటి సోమవారం, జల్‌పల్లిలో బస్సు బాడీలు కట్టే కార్ఖానాలో ఒక క్యారవాన్ తనిఖీ నాకు అప్పగించారు. అక్కడ నా హోదా ఫైనల్ ఇన్‌స్పెక్షన్ ఫోర్‌మన్. లోపాలు చీటీ మీద రాస్తాను, ఫిట్టర్లు సరిచేస్తారు, మళ్లీ చూసి సంతకం పెడతాను. ఆ సంతకం లేనిదే బండికి గేటు తెరవరు.

క్యారవాన్ అంటే మంచాలు, పొయ్యి, మరుగుదొడ్డి ఉన్న బండి. యాకుత్‌పురాలో టూర్లు నడిపే ఇర్ఫాన్ కట్టించుకున్నాడు. మొదటి ప్రయాణం తన తల్లి, భార్య, ఇద్దరు ఆడపిల్లలతోనే. ఆదిలాబాద్ అడవి పక్కన, కరెంటు లేని చోట రెండు రాత్రుల మకాం. ఇల్లు వదిలి అడవికి పోవడమెందుకు, అక్కడ ఇంటి వెచ్చదనం వెతుక్కోవడమెందుకు? ఈ సరదా నాకు ఏనాడూ అర్థం కాలేదు. అయినా నేను తనిఖీ చేయాల్సింది బండిని, బుద్ధిని కాదు.

కరెంటు పాయింటు లేని చోట బండిని వెచ్చగా ఉంచడం తేలిక కాదు. కరెంటు హీటరు పెడితే బ్యాటరీ తెల్లారేదాకా ఆగదు. సరైన పద్ధతి డీజిల్ హీటరు. అది మంటకు కావలసిన గాలిని బయటి నుంచి తీసుకుంటుంది, పొగను గొట్టంతో బయటికే వదులుతుంది. లోపలికి వచ్చేది వేడి గాలి మాత్రమే. డ్రాయింగులో ఉన్నదీ అదే. అది రావడం ఆలస్యమైందని మా మేనేజరు ప్రభాకర్ సిలిండరుతో వెలిగే గ్యాస్ హీటరు బిగించాడు. దాని మంట గదిలోని గాలినే తిని, విడిచేది కూడా గదిలోకే విడుస్తుంది. అందుకని నేల దగ్గర ఒకటి, కప్పులో ఒకటి గాలి రంధ్రాలు పెట్టించాడు. ఇంజనీరింగ్ చదివినందుకు ఆ మాత్రం చేశాడు.

ఆ హీటరును అప్పుడే తీసేయమనాల్సింది. నిద్రపోయేటప్పుడు ఆపాలని పక్కన బోర్డు రాయించి ఊరుకున్నాను.

శుక్రవారం రెండో తనిఖీకి వెళ్లి కప్పు రంధ్రం దగ్గర చెయ్యి పెడితే గాలి ఆడలేదు. నేల దగ్గరా అంతే. రెండింటినీ తెల్లటి సిలికాన్‌తో నున్నగా పూడ్చేశారు. ఫిట్టర్ ఖాదర్ భాయ్‌ని పిలిచి ఏంది ఇది అన్నాను.

"దమ్ పెట్టిన సార్. బిర్యానీ డేగ్ మూతకు పిండి పెట్టినట్టు. చీమ గుడ దూరది."

"డేగ్‌ల మాంసం ఉంటది భాయ్. ఇందుల మనుషులు పంటరు."

"మీరే రాసిండ్రు గద," అంటూ జేబులోంచి చీటీ తీశాడు. నా చేతిరాతే. 'లోపలికి గాలి వస్తుంది. బంద్ చేయాలి.' తలుపు రబ్బరు సందులోంచి వచ్చే గాలి గురించి రాశాను. తలుపు అన్న మాట మాత్రం రాయలేదు.

కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే అలారం తెప్పించి దిండు మీద పెట్టాను. హీటరు వెలిగించి, తలుపులు మూసి బయట నిలబడ్డాను. గాలి చాలని మంటలోంచి పుట్టే ఆ గ్యాసుకు రంగు లేదు, వాసన లేదు; నిద్రలోనే చంపేస్తుంది. గంట దాటకముందే అలారం మోగింది. హీటరు ఆపి తలుపులన్నీ తీయించాను.

ప్రభాకర్ వచ్చాడు. "గింత లొల్లి ఎందుకన్నా? రంధ్రాలు తర్వాత తెరిపిస్త. కిటికీ జెర తీసి పెట్టుకోమందాం."

చలికి హీటరు పెట్టుకున్నోడు కిటికీ తెరుస్తడా అని అడిగాను.

"ప్రార్థన చేసి పంపుదాం. దేవుడే కాపాడుతడు."

జహనుమాలో మా చర్చి సంఘంలో ఇతను ముందు వరుసలో కూర్చుంటాడు, ఆమెన్ అందరికంటే గట్టిగా అంటాడు. కొత్త ఇంటి డాబాకు పిట్టగోడ కట్టనివాడి మీద, అక్కడి నుంచి పడినవాడి రక్తం ఉంటుందని బైబిల్లోని ధర్మశాస్త్రంలో ఉంది. అది విన్న చెవులే ఇవీ. తన పని ఎగ్గొట్టి దేవుణ్ణి చౌకీదారుగా పెట్టుకోవడం విశ్వాసం కాదు, సోమరితనం.

"గట్లనే చేద్దాం. నువ్వు లోపల పండుకో, నేను బయట ప్రార్థన చేస్త," అన్నాను.

ఈలోగా ఇర్ఫాన్ బండి కోసం వచ్చాడు. ఈ హీటరు తీసేయక తప్పదన్నాను. పిల్లలు బ్యాగులు సర్దుకున్నారని, అమ్మీకి చలి పడదని, హీటరు తీసేస్తే ఎట్లా అని కోప్పడ్డాడు. నేను అలారం చూపించి సంగతి చెప్పాను. మూయమని రాసింది నేనేనని కూడా చెప్పాను.

"నిద్రల ఉంటే తెలుస్తదా సార్?"

తెలియదన్నాను. అతను ప్రభాకర్ వైపు తిరిగాడు. "గిందుల నా పిల్లల్ని పండబెడ్తుంటివా సాబ్?" ప్రభాకర్ ఫోను చూసుకున్నాడు.

గ్యాస్ హీటరు పీకించి, డీజిల్ హీటరు వచ్చాక బిగించి, అదే అలారంతో రాత్రంతా పరీక్షించి జనవరిలో సంతకం పెట్టాను. మధ్యలో ఒక ఆదివారం ప్రభాకర్ సంఘంలో లేచి, దేవుడు ఒక కుటుంబాన్ని ఎలా కాపాడాడో సాక్ష్యం మొదలుపెట్టాడు. గ్యాస్ హీటరు ఎవరు బిగించారో, రంధ్రాలు ఎవరి చీటీ వల్ల మూసుకుపోయాయో కూడా చెప్పు అన్నాను. కూర్చున్నాడు.

తనిఖీ చీటీలో ఏది మూయాలో రాసేటప్పుడు ఏది మూయకూడదో కూడా రాయాలి. ఫిట్టరు మన మనసు చదవడు, చీటీ చదువుతాడు. ఆ రంధ్రాలు మూసింది ఖాదర్ చెయ్యి, మూయించింది నా చీటీ. రిజిస్టరులో లోపానికి కారణం అన్న గడిలో నా పేరే రాశాను.