దుమ్ముకు దారి చూపిన చాచా

పెనుకొండలో వాచీలు బాగుచేసే మా చాచా పోయారు. ఆయన కొడుకు ఫోను చేసినప్పుడు నేను హిందూపురంలో, మా ఇంటి వసారాలో, ఒక కంప్యూటరు డబ్బా తెరిచి మరలను ఒక్కొక్కటిగా పళ్ళెంలో వరుసగా పెడుతున్నాను. ఏడో మర చేతిలో ఉంది. "పొద్దున నమాజు జేసుకొని పండుకున్న్యాడన్నా నాయన. మళ్ళ లేయలేదు" అన్నాడతను. నేను ఆ మరను దాని చోట పెట్టి, తెరిచిన డబ్బా మీద తెల్లగుడ్డ కప్పి, రైలుకు బయలుదేరాను. పని మధ్యలో లేచేటప్పుడు తెరిచిన యంత్రాన్ని కప్పకుండా లేవకూడదని నేర్పింది ఆయనే.

ఆయనకూ నాకూ బంధుత్వం లేదు. పదో తరగతితో చదువు ఆపిన నేను, పుస్తకాలు చూసి, పాడైన వాటిని విప్పి, కంప్యూటర్ల పని నేర్చుకున్నాను. తొంభైల చివర అవి ఇళ్ళల్లోకి వస్తున్న రోజుల్లో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం తిరిగి వాటిని చూసేవాణ్ణి. ఈ మూడు ఊళ్ళూ ఒకే రైలు దారిలో ఉండటం నా అదృష్టం. ప్రతి ఇంటికీ ఒక జాబితా రాసుకునేవాణ్ణి: ఏ డబ్బాలో ఎన్ని మరలు, ఏ తీగ ఎక్కడిది, వచ్చేసారి చేయవలసినవి ఏవి. జాబితా ఉన్నవాడికి పొరపాటు జరగదని అప్పట్లో నా నమ్మకం.

నా చేతి గడియారం ఆగిపోయి మొదటిసారి ఆయన అంగడికి వెళ్ళాను. పెనుకొండ బస్టాండు దగ్గర, మనిషి కాళ్ళు చాపుకోలేనంత అంగడి. నెత్తి మీద ఫ్యాను ఉండేది కానీ తిరిగేది కాదు. మండుటెండలో వచ్చి కూర్చున్న ఒకాయన ఉండబట్టలేక, "ఏం చాచా, ఫ్యాను పెండ్లిలో పెట్టినారా? అంత భద్రంగా దాచిపెట్టుకున్న్యావు" అన్నాడు.

"గాలి నీకు హాయి, దుమ్ముకు దోవ. పది నిమిషాలు చెమట పట్టనీ, కరిగిపోవులే" అన్నారు చాచా, కంటికి బిగించిన భూతద్దం తీయకుండానే.

నా గడియారం మూత తీసి, నిమ్మకాయంత రబ్బరు బుడ్డిని రెండు వేళ్ళతో నొక్కి లోపలికి గాలి కొట్టారు. నోటితో ఊదితే సరిపోదా అని అడిగాను.

"నోట్లో తడి ఉంటాదప్పా. ఊదితే దుమ్ము పోతాది, తుప్పు మిగుల్తాది."

మధ్యలో టీ వచ్చింది. ఖాళీ అయిన ఇంకో గాజు గ్లాసును గుడ్డతో తుడిచి, పొడిగా ఉందో లేదో వెలుగుకు పెట్టి చూసి, నా గడియారం మీద బోర్లించి, ఆ తర్వాతే టీ తాగారు. ఆ రోజు రైల్లో నా పుస్తకంలో ఈ రెండు సంగతులూ రాసుకున్నాను. రాసుకున్నంత మాత్రాన నేర్చుకున్నట్లు కాదని తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

ధర్మవరంలో ఒక అక్క ఉండేవారు. పట్టుచీరల అంచులకు పువ్వులు, హంసలు, మామిడి పిందెలు కంప్యూటరులో గీసేవారు. ఆ గీతల ప్రకారం అట్టలకు చిల్లులు కొట్టి మగ్గానికి తగిలిస్తే, నేతలో ఆ పువ్వే పడుతుంది. రెండేళ్ళ అంచులన్నీ ఆ ఒక్క డబ్బాలో ఉన్నాయి. వాటికి నకలు తీయాలని నా జాబితాలో ఉంది కానీ, 'వచ్చేసారి' అన్న వరుసలో ఉంది. మగ్గాల ఇల్లు కావడంతో పట్టు నూగు గాలిలో తేలుతూ వచ్చి డబ్బాలో పేరుకునేది. ఫ్యాను ఊపిరాడక మూలిగేది.

ఆయుధపూజ ముందురోజు వెళ్ళాను. "రేపు మగ్గాలతో పాటు దీనికీ బొట్టు పెట్టాలప్పా. లోపల బయట అద్దం మాదిరి జేసియ్యి" అన్నారు అక్క.

ఆ రోజు మా వైపు ప్రతి పంక్చరు అంగడి ముందూ వరుస ఉంటుంది. ఆటోలు, మోటారు సైకిళ్ళు, మగ్గాల మోటార్లు, అన్నింటికీ గాలి పైపుతో దుమ్ము కొట్టించుకొనిపోతారు. కుంచెతో గంట పట్టే పని అక్కడ నిమిషంలో అయిపోతుందని నాకు తోచింది. డబ్బాను చంకన పెట్టుకొని రెండు ఆటోల మధ్య నిలబడ్డాను.

అంగడాయన డబ్బాను ఎగాదిగా చూసి, "ఏమప్పా, దీనికి ఎంత గాలి పట్టాల? ముందు చక్రానికా, ఎనక చక్రానికా?" అన్నాడు. వరుసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

పైపు పెట్టగానే లోపలి ఫ్యాను ఈల వేస్తూ తిరిగింది. బూడిదరంగు నూగు మబ్బులా లేచింది. చివరలో సన్నని తుంపర ఒకటి పడటం నా కంటితో చూశాను. చూసి కూడా, అక్క ఇంటికి తెచ్చి తీగలు తగిలించి మీట నొక్కాను. చిటుక్కుమన్న చప్పుడు, లీలగా కమురు వాసన. తెర వెలగలేదు.

"ఏమైంది?" అన్నారు అక్క, గడపలో నిలబడి.

"కరెంటు ఎక్కువ తక్కువైనట్లుంది అక్కా. తీసుకొనిపోయి చూస్తా" అన్నాను. ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యం. చదువు లేకుండా పని నేర్చుకున్నవాడికి ఉన్నదల్లా పేరు. ఆ పేరు పోతుందన్న భయమే ఆ మాట అనిపించింది.

తిరుగు రైల్లో హిందూపురం దాకా పోలేక పెనుకొండలో దిగాను. చాచా అంగడి మూయబోతున్నారు. డబ్బా చూసి మళ్ళీ కూర్చున్నారు. కరెంటు దెబ్బ అని ఆయనకూ చెప్పాను. ఆయన పక్క రేకు తీయించి, భూతద్దం బిగించి, లోపలి పలకను చాలాసేపు చూశారు.

"కరెంటుకు నూనె యాడిదప్పా?" అన్నారు.

ఇంక దాచలేదు. అంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు. "టైరుకు గాలి పట్టే తొట్టిలో నీళ్ళుంటాయి, నూనె ఉంటాది. టైరుకు ఏమీ గాదు. దీని పానం వేరే గదా" అన్నారు. తర్వాత ఆయన అడిగిన మొదటి ప్రశ్నను నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు: "దీంట్లో ముట్టగూడని చోటు యాది?"

కరెంటు వచ్చి చేరే మూసిన పెట్టెను చూపించాను. తీగ పీకేసిన తర్వాత కూడా దానిలో దెబ్బ కొట్టేంత కరెంటు మిగిలి ఉంటుందని చెప్పాను. "అయితే దాని జోలికి పోం" అన్నారు. ఒంట్లో పుట్టే కరెంటు పోవడానికి ముందుగా డబ్బా ఇనుమును తాకాలన్నాను. బిస్మిల్లా అని తాకారు. ఫ్యాను రెక్కను అగ్గిపుల్లతో కదలకుండా ఆపి, ఒంటె వెంట్రుకల కుంచెతో లోపలి నుంచి బయటికి, ఎప్పుడూ ఒకే వైపుకు, నూగును లాగారు. నూనె మరకల మీద స్పిరిట్టులో తడిపి పిండిన కుంచెను ఆనీ ఆనకుండా తిప్పారు. "దుమ్మును తరిమితే లోపలికి పోతాది. దోవ చూపిస్తే బయటికి పోతాది" అన్నారు, తనలో తాను అనుకుంటున్నట్లు.

అంతా అయినాక మీట నొక్కబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"తొందర ఎవురికుండాది? నీకా, దానికా? రెండు దినాలు నీడలో ఆరాల. ఈ లోపల నువ్వు ధర్మవరం పోయి ఆయమ్మకు జరిగింది చెప్పిరా."

"పనిజేస్తే చెప్తా చాచా. పని జేయకపోతే ఎట్లాగూ చెప్పాల గదా."

"బతికినాక చెప్తే అది నిజం గాదప్పా, గొప్పలు. బతుకుతాదో లేదో తెలీనప్పుడే చెప్పాల."

మర్నాడు వెళ్ళాను. మగ్గాలకు పూలదండలు, అట్టలకు కుంకుమ. కంప్యూటరు బల్ల మీద డబ్బా చోటు ఖాళీగా ఉంది. దాని పక్కన ఒంటరిగా ఉన్న తెర నుదుటన అక్క బొట్టు పెట్టి ఉన్నారు. నిలబడే చెప్పాను: గాలి పైపు, తుంపర, కరెంటు అన్న అబద్ధం, తీయని నకలు.

"కరెంటని చెప్తివి, నేను నమ్మితి. మళ్ళ వచ్చి ఎందుకు చెప్తాండావు?"

"చెప్పకుండా ఉండలేక, అక్కా."

"నా అంచులు ఉండాయా, పోయినాయా?"

"తెలీదు."

"నిన్న అన్నీ తెలిసినోని మాదిరి మాట్లాడితివి. ఈ పొద్దు తెలీదంటాండావు." పళ్ళెం నుంచి ఒక అరటిపండు తీసి నా చేతిలో పెట్టారు. "పో. తెలిసినాక రా."

రెండు రోజులు ఆరిన తర్వాత, చాచా ఎదుటే తీగలు తగిలించాను. తెర వెలిగింది. ఫ్యాను గరగరమంది, దాన్ని మార్చవలసి వచ్చింది. హంసలు, మామిడి పిందెలు ఒక్కటీ పోలేదు. నేను చేసిన మొదటి పని నకలు తీయడం. చాచా ఆ బొమ్మలకేసి చూడనే లేదు. అప్పటికే కుంచెను ఆరబెట్టుకుంటున్నారు. అక్క తర్వాత పదేళ్ళు నన్నే పిలిచారు. పిలిచిన ప్రతిసారీ, "గాలి పైపు తేలేదు గదా?" అని గడపలోనే ఆపేవారు.

ఆ వారం నా జాబితాను తిరగరాశాను. తీగ పీకాలి, ఇనుము తాకాలి, మూసిన పెట్టె తెరవకూడదు, నోటితో ఊదకూడదు, రెక్క ఆపి కుంచె వాడాలి, తడి ఆరేదాకా మీట ముట్టకూడదు. చాచాకు చదివి వినిపించాను. విని, "దుమ్ము యాడుండాదో బాగానే రాసినావు. నీ తప్పు రాసేదానికి చోటు యాది?" అన్నారు. అప్పటినుంచి ప్రతి ఇంటి కాగితం అడుగునా ఒక ఖాళీ వరుస ఉంచుతున్నాను. అది ఖాళీగా మిగిలిన కాగితాలు తక్కువే.

ఆ తర్వాతి సంవత్సరాల్లో చేతి గడియారాలు బాగుచేయించుకునేవారు తగ్గిపోయారు. అందరి జేబుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాయి. నేను ఆదివారాలు కీబోర్డులు, మౌసులు తీసుకొని వెళ్ళేవాణ్ణి. ఆయన కీబోర్డును బోర్లించి, పసిబిడ్డ వీపు తట్టినట్లు తట్టేవారు. రాలిన మురుకుల పొడి చూసి, "ఈ ఇంట్లో బాగా తింటారప్పా" అని నవ్వేవారు.

చాచా సమాధికి మట్టి ఇచ్చి వచ్చిన నాలుగో రోజు ఆయన కొడుకూ నేనూ అంగడి తలుపు ఎత్తాము. బల్ల మీద గాజు గ్లాసు ఒకటి బోర్లించి ఉంది. దాని మీద సన్నగా దుమ్ము పట్టింది. అలవాటుగా వంగాను, ఊపిరి పెదవుల దాకా వచ్చింది. నోరు మూసుకొని, జేబులోని కుంచె తీసి, పైనుంచి కిందికి, ఒకే వైపుకు తుడిచాను.

గ్లాసు లోపల, మూత తీసిన పాత గడియారం ఒకటి ఉంది. దాని పక్కన, ఆయన గుండ్రటి అక్షరాలతో ఒక చీటీ: 'మూత తీసేటప్పుడు గీత పడింది. నా తప్పు. వస్తే చెప్పవలె.'

"ఎవురిదో తెలుసునా?" అని అడిగాను.

"తెలీదన్నా. వస్తారులే."

వచ్చినప్పుడు ఆ మాట నేను చెబుతానన్నాను. గ్లాసును ఎత్తలేదు. మేము తలుపు దించుతుండగా చివరి వెలుగు కాసేపు దాని మీద నిలిచింది. లోపల ఆ గడియారం, ఆ చీటీ. వాటి మీద ఒక్క నలుసు దుమ్ము లేదు.