కంచె బయట ఆగిన సింహాచలం మావ

మా చిన్నప్పుడు... మలేసియాలో బంటింగ్ ఊరి దగ్గర మా తోట కంచె బయట ఓ సైకిలు ఆగేది. వెనకాల నాలుగు కుక్కలు, సైకిలు మీద లైసెన్సు తుపాకీతో సింహాచలం మావ.

"బావోయ్... రావచ్చేటి?" అని కేకేసేవాడు. మా అయ్య "రా" అంటేనే లోపలికి అడుగు. లేదంటే సైకిలు తిప్పుకుని పోయేవాడు.

మావది రబ్బరు ఫ్యాక్టరీలో పని. సెలవు రోజున అడవిపందుల వేట. మా తోటలో ఆయిల్‌పామ్ చెట్లు, ఓ మూల కర్రపెండలం. పందులకి ఆ దుంపలంటే ప్రాణం...

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా ఆవు ఈనింది. దూడ తోటంతా గెంతుతోంది. "కుక్కల్ని సూసి బెదిరిపోద్ది సింహాచలం, ఈ వారానికి వద్దులే" అన్నాడు అయ్య. "సరే బావా" అన్నాడు మావ.

మర్నాడు పొద్దున్నే ఓ పెద్ద పంది పిల్లలతో సహా పెండలంలో దిగింది. సరిగ్గా అప్పుడే మావ కాలవ అవతల గట్టు మీద ఉన్నాడు. చేతిలో తుపాకీ. ఎదురుగా పంది. నేను ఇంటి మెట్ల మీంచి అరిచాను... "మావా, కాల్సు!"

కాల్చలేదు. చప్పట్లు కొట్టి, గొంతు పోయేలా అరిచాడు. పందులు తీరిగ్గా సగం మడి తవ్విపారేసి మరీ పోయాయి.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకు కాల్చలేదని నిలదీశాను.

"మీ అయ్య వద్దన్నాడు గదే గుంటా. నేల ఆయనది" అన్నాడు. అంతే.

ఆ పై ఆదివారం చిన్న సంచీతో వచ్చాడు. కచాంగు గింజలు... నేలంతా అల్లుకుని మట్టిని కాపాడే చిక్కుడు జాతి తీగవి. అమ్మ వాటిని వేడినీళ్లలో నానబెట్టింది. పందులు తవ్విన చోటల్లా అయ్యా మావా కలిసి చల్లారు.

"నీకెందుకీ సాకిరీ?" అన్నాడు అయ్య.

"బోడి నేల వానకి కాలవలోకి పోద్ది బావా. ఏటకొచ్చినోడికి నేల బాగోగులు అక్కర్లేదేటి?"

ఆ తీగ అల్లుకున్నాక మట్టి ఎంత చల్లగా ఉండేదో... చెప్పుల్లేకుండా తిరిగేదాన్ని.

ఇప్పుడు అయ్యా లేడు, మావా లేడు. తోట నాది. ముసలి చెట్లు కొట్టించి కొత్త మొక్కలు పెట్టి, వాటి మధ్య అదే కచాంగు చల్లాను. పోయిన ఆదివారం వెళ్లేసరికి ముళ్లకంచె కోసేసి ఉంది. పికప్ చక్రాల కింద నా కచాంగు నలిగిపోయింది, మూడు మొక్కలు విరిగాయి. మనుషులు ఇంకా అక్కడే, పందిని బండికెత్తుతూ!

ఎవర్నడిగి వచ్చారని మలయ్‌లో అడిగాను. ఒకతను నా మొహం చూసి, ఇక్కడి మలయ్ 'లా' తగిలించి తెలుగులోనే అన్నాడు... "పంది సచ్చింది గదక్కా, మీకే మంచిది లా! దీనికి పర్మిషనేటి?"

మన తెలుగే! అందుకే ఇంకా మండింది.

"కంచె ఎవరు కోశారు?"

"ముందే తెగుందక్కా."

కోసిన కొసలు ఇంకా తళతళలాడుతున్నాయి.

"నువ్వు తొక్కుతున్నది నేను నాటిన పంట" అన్నాను.

"గడ్డే గదా" అన్నాడు. బండెక్కి పోయారు.

బండి నంబరుతో పోలీసులకి ఫిర్యాదు ఇచ్చాను. మా వాట్సాప్ గ్రూపులోనూ పెట్టాను... ఇరవై బొటనవేళ్లు వచ్చాయి, ఒక్కరూ ఫోన్ చెయ్యలేదు. సాయంత్రం వాన పడింది. చక్రాల చాళ్లలోంచి ఎర్రమట్టి కాలవలోకి పోతుంటే గొడుగు కింద నిలబడి చూశాను. తెరిపిచ్చాక, తిట్టుకుంటూనే మళ్లీ గింజలు చల్లాను.

అప్పట్లో నేలకి ఓ మనిషి ఉన్నాడని జనానికి గుర్తుండేది... ఇప్పుడు ఎదురుగా నిలబడి చెప్పినా చెవికెక్కడం లేదు. మీ ఊళ్లో అడిగి అడుగు పెట్టినవాళ్లు ఎవరైనా ఉండేవారా? వాళ్ల పేర్లు చెప్పండి... ఇవాళ నాకు ఆ పేర్లు వినాలనుంది.